హంసలదీవి దారిలో మా వ్యాన్ ఫ్రిజ్, దానికి అత్తయ్యగారు నేసిన కవరు

మా అత్తయ్యగారు నాలుగేళ్లుగా ఆసుపత్రికి తప్ప ఊరు దాటలేదు. కాళ్లు బాగానే ఉన్నాయి, ఓపిక నాకన్నా ఎక్కువే ఉంది. ఆవిణ్ని ఇంట్లో కట్టిపడేసింది ఇన్సులిన్. ఒకసారి బంధువుల పెళ్లికి వెళ్లి, తన ఇన్సులిన్ పెన్నుల డబ్బా కాస్త ఫ్రిజ్‌లో పెట్టమని ఆ ఇంటివాళ్లకు ఇచ్చారు. ఎవరో పుణ్యాత్ములు, మందు చల్లగా ఉండాలన్నారు కదా అని, దాన్ని తీసుకెళ్లి ఐసు గడ్డకట్టే అరలో పెట్టారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. అంతా పారేసి, భోజనం కూడా చెయ్యకుండా బస్సెక్కి వచ్చేశారు. "ఎవరింటికెళ్లినా ముందు వాళ్ల ఫ్రిజ్‌లో చోటు అడుక్కోవాలి. ఆ బతుకు నాకొద్దమ్మా," అని మా ఆవిడ వాణితో అన్నారట. ఆ తర్వాత పెళ్లిళ్లు లేవు, తీర్థాలు లేవు.

ఆవిడ పేరు శేషారత్నం, ఊరు మంగళగిరి. అరవై ఆరేళ్లు. పదిహేనో ఏట మగ్గం దగ్గర కూర్చున్న మనిషి, కళ్లు మసకబారాక రెండేళ్ల కిందటే మానేశారు. ఒకరోజు ఆసుపత్రి నుంచి ఆటోలో ప్రకాశం బ్యారేజీ మీదుగా వస్తుంటే నీళ్ల వంక చూసి, "పుట్టినప్పట్నించీ ఈ కృష్ణ పక్కనే ఉన్నాను, ఇది సముద్రంలో కలిసే చోటు మాత్రం చూళ్లేదు," అన్నారు. అదేం కాశ్మీరమా? హంసలదీవి. విజయవాడ నుంచి వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మాకు ఒక పాత టెంపో వ్యాన్ ఉంది, ఆటోనగర్‌లో ఖాజా అనే మెకానిక్ గారి చేత మంచాలు, గ్యాస్ స్టవ్వు, పైన సోలార్ పలకలు పెట్టించుకుని సెలవులకు తిరుగుతుంటాం. దాంట్లో ఫ్రిజ్ ఒక్కటే తక్కువ. బ్యాటరీ మీద నడిచే నలభై లీటర్ల ఫ్రిజ్, పైకి మూత తెరుచుకునేది, ఈ వేసవి మొదట్లో కొన్నాను.

కొన్నాక నెల రోజులు దాంతో వచ్చిన పుస్తకాన్నే చదివాను. మా ఆవిడ అయితే నేను ఇంటర్ పరీక్షలకు కూడా ఇంత చదివి ఉండనంది. మీలో వ్యాన్ వేసుకుని బయల్దేరేవాళ్ల కోసం నేను నేర్చుకున్నది చెబుతాను. ముందురోజు సాయంత్రమే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ని చల్లబరచాలి. వేడిగా ఉన్న ఖాళీ ఫ్రిజ్‌ని బ్యాటరీ మీద చల్లబరచాలంటే సగం బ్యాటరీ దానికే సరిపోతుంది. లోపల పెట్టేవి కూడా ముందే చల్లగా ఉండాలి. ఖాళీ వదలకుండా నీళ్ల సీసాలు సర్దితే మూత తీసినప్పుడు చల్లదనం పోదు. వ్యాన్ ఆపేటప్పుడు ఫ్రిజ్ ఉన్న వైపు ఎండ పడకుండా చూసుకోవాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, ఫ్రిజ్ పక్కన ఉండే జాలీల ముందు నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి, అక్కడ గాలి ఆడాలి. ఈ ఆఖరి ముక్క నాకు బాగా తెలుసని గుర్తు పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం ఐదింటికి గుణదలలో మా ఇంటి నుంచి బయల్దేరి, ఐదూ ముప్పావుకల్లా మంగళగిరి చేరాం. ఫ్రిజ్ మీద అంకె ఐదు డిగ్రీలు చూపిస్తోంది. ఇన్సులిన్‌కి రెండు నుంచి ఎనిమిది లోపు ఉండాలి. నా ఛాతీ కాస్త పొంగే ఉంది. అత్తయ్యగారు ఎందుకైనా మంచిదని నెలకు సరిపడా పెన్నుల డబ్బా తెచ్చి నా చేతికివ్వకుండా, తనే వంగి ఫ్రిజ్‌లో సర్దుకున్నారు. ఒకసారి మూత మీద చెయ్యి వేసి నిమిరారు. తర్వాత సంచీలోంచి ఒక మడత తీశారు.

అది కవరు. ఫ్రిజ్‌కి. ముదురు ఆకుపచ్చ రంగు, సన్నటి జరీ అంచు, లావు నూలు, దుప్పటంత మందం. మా ఆవిడ చేత ఫోన్లో కొలతలు తెప్పించుకుని, రెండేళ్ల తర్వాత మళ్లీ మగ్గం దగ్గర కూర్చుని, ఇరవై రోజులు కళ్లు చిట్లించుకుంటూ నేశారట. పైనుంచి పరిచి, నాలుగు పక్కలా కింది దాకా దించి, అంచులు సరిచేశారు. పసుపు కుంకుమ పెట్టారు. "చిన్నప్పుడు మా వీధిలో ఐసు అమ్మేవాళ్లు ఊకలో పెట్టి, గోనె కప్పేవాళ్లు బాబూ. మధ్యాహ్నం దాకా కరిగేది కాదు. అందుకే లావు నూలు వేశాను. చల్లదనం బయటికి పోదు," అన్నారు.

జాలీలు రెండూ గుడ్డ కింద మాయమయ్యాయి. నా బుర్రలో పుస్తకం పేజీ కళ్లకు కట్టినట్టు కనబడింది. నేను నోరు తెరిచి ఏమన్నానో తెలుసా? "బ్రహ్మాండంగా ఉందత్తయ్యగారూ," అన్నాను. పెళ్లయి ఇరవై ఏళ్లయినా మా అత్తయ్యగారు నా ఎదురుగా కుర్చీలో కూర్చోరు. నేను వస్తే తలుపు చాటుకి వెళ్లి, అక్కణ్నించే కాఫీ పంపిస్తారు. నన్ను ఒక్కనాడు తప్పు పట్టలేదు, నేనూ ఆవిడ మాట కాదన్నది లేదు. అలాంటి మనిషి కళ్లు పాడుచేసుకుని నేసిన గుడ్డని తీసెయ్యండి అని ఏ అల్లుడు చెబుతాడండీ? దారిలో చూసుకుందాంలే అనుకుని స్టీరింగ్ పట్టుకున్నాను.

వారధి దాటి బందరు రోడ్డెక్కేసరికి ఆరున్నర. కంకిపాడు దాటాక రెండు పక్కలా కోతలు అయిపోయిన పొలాలు, మినుము కుప్పలు, అక్కడక్కడా చెరుకు. వెనక సీట్లో ఫ్రిజ్ పక్కనే అత్తయ్యగారు, ముందు నా పక్కన వాణి. ఉయ్యూరులో ఏడున్నరకి టిఫిన్‌కి ఆగాం. ముగ్గురికీ ఇడ్లీ, ఒక పెసరట్టు, కాఫీలు కలిపి రెండొందలు కాలేదు. మంచినీళ్ల సీసా తీసే వంకతో వెనక్కి వెళ్లి అంకె చూశాను. ఏడు. గబుక్కున జాలీ వైపు గుడ్డ కొంచెం పైకి మడిచి వచ్చాను. హమ్మయ్య అనుకున్నాను.

పామర్రులో కుడివైపు తిరిగి కూచిపూడి దాటాక మళ్లీ ఆపాను. గుడ్డ చక్కగా కిందికి దిగి ఉంది. అంచు మడత కూడా చేత్తో సాపు చేసి ఉంది. అంకె తొమ్మిది. అత్తయ్యగారు తల వంచుకునే నవ్వి, కుదుపులకి గుడ్డ లేచిపోతోందని, తను సర్దుతూనే ఉన్నానని, నన్ను కంగారు పడొద్దని చెప్పారు. నేను మడవడం, ఆవిడ దించడం. చల్లపల్లి లోపు ఇలా మూడుసార్లు జరిగింది. ఎంత ప్రేమగా దించేవారో చెప్పలేను.

ఇక నాకు కోపం వచ్చింది. అత్తయ్యగారి మీద రాదు కదా, వాణి మీద వచ్చింది. పొద్దున తను చేసిన పులిహోర డబ్బా ఇంకా వేడి తగ్గకుండానే ఫ్రిజ్‌లో పెట్టింది. అది తప్పే, ఎవరూ చెయ్యకండి. కానీ నేను అన్న మాటలు ఆ తప్పుకి పదింతలున్నాయి. నీవల్లే అంకె పెరుగుతోంది, నీకు ఏం చెప్పినా ఎక్కదు అని విసుక్కున్నాను. డబ్బా తీసి బయట పెట్టించాను. తను చల్లపల్లి నుంచి మోపిదేవి దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. డబ్బా తీసినా అంకె దిగలేదు. పదకొండు. ఆ పైన పదమూడు. ఫ్రిజ్ మోటారు ఆగకుండా తిరిగి తిరిగి, కాసేపు పూర్తిగా ఆగిపోయి, మళ్లీ మొదలవుతోంది. బ్యాటరీ సగానికి వచ్చేసింది. పైన ఎండ మండిపోతోంది.

మోపిదేవిలో తొమ్మిదిన్నరకి ఒక పెద్ద షెడ్డు నీడలో వ్యాన్ ఆపి ఖాజా గారికి ఫోన్ చేశాను. చేతిలో పానా ఉండటంతో ఫోన్ స్పీకర్‌లో పెట్టి సీటు మీద ఉంచాను. ఇప్పుడు ఆలోచిస్తే, నోటితో చెప్పలేనిది ఆ ఫోను చెబుతుందని నా మనసులో ఎక్కడో ఉందేమో. ఖాజా గారు నెమ్మదస్తుడు. వోల్టేజీ ఎంతుందో అడిగారు, వైర్లు వేడెక్కాయేమో పట్టి చూడమన్నారు, వ్యాన్ వాలుగా ఆపానేమో అడిగారు. అన్నీ బాగానే ఉన్నాయన్నాను. చివరికి, "సార్, దాని మీద ఏమైనా కప్పారా?" అన్నారు.

నేను పానా పక్కన పెట్టాను.

"ఫ్రిజ్ అంటే చల్లదనం దాచే పెట్టె కాదు సార్. లోపలి వేడిని లాగి బయట పారేసే మిషను. ఆ పారేసే దారి మూసేస్తే వేడి ఎక్కడికి పోతుంది? ఏం కప్పి ఉన్నా ముందు తీసెయ్యండి," అని ఫోన్ పెట్టేశారు.

వెనక్కి తిరిగి చూసేసరికి అత్తయ్యగారి చెయ్యి ఇంకా ఆ గుడ్డ మీదే ఉంది. నెమ్మదిగా తీసేసుకున్నారు. కవరు తీసి, పొద్దున ఎలా మడతలో ఉందో అలాగే మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. జాలీ దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టింది. ఆవిడ వాణినే చూస్తూ, నావంక తిరక్కుండా, తనని అవనిగడ్డలో బస్సెక్కించమన్నారు. మందు పాడైపోయి దారిలో నేను పడిపోతే మీకెంత ఇబ్బంది, నాకు రాసిపెట్టి లేదు, మీరిద్దరూ చూసి రండి, నాకు ఫోన్లో చూపించండి అన్నారు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. ఇంక ఈ మనిషి జన్మలో గడప దాటరని నాకు తెలిసిపోయింది.

అప్పుడు నేను వ్యాన్ దిగి, వెనక తలుపు తీసి, ఆవిడ ఎదురుగా నిలబడి చెప్పాను. మంగళగిరిలో కవరు పరిచినప్పుడే నాకు తెలుసని చెప్పాను. ఉయ్యూరు నుంచి దొంగతనంగా మడుస్తూ వచ్చింది నేనేనని చెప్పాను. వాణిని అనవసరంగా అన్నానని కూడా చెప్పాను. ఇరవై ఏళ్లలో ఆవిడతో నేను వరసగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

అత్తయ్యగారు మొట్టమొదటిసారి తలెత్తి నా కళ్లలోకి చూశారు. "తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"మీరు నేసింది కదండీ."

"పోగు తప్పితే మగ్గం మీద ఉన్నప్పుడే చెప్పేవారు మా మామగారు. తల మీద మొట్టి మరీ చెప్పేవారు. చీర అంతా అయ్యాక బాగుందండీ అంటే నాకేం ఒరిగింది బాబూ?" అన్నారు. గొంతులో కోపం ఉంది. నా మీద కోపం. నాకెంత హాయిగా అనిపించిందో మీకు చెప్పలేను.

వాణి అప్పటికే డాక్టరుగారికి ఫోన్ చేసింది. డబ్బాలోంచి ఒక పెన్ను తీసి వెలుగులో పెట్టి చూడమన్నారు, ఏ మందో, ఎంతసేపు ఎంత వేడిలో ఉందో అడిగారు. కాసేపు పదమూడు దాకా వెళ్లినంత మాత్రాన ఈ మందు పాడవదని, గడ్డకట్టినా, ఎండలో కారులో వదిలేసినా అప్పుడు భయపడాలని చెప్పారు. మీ మందు సంగతి మీరు మీ డాక్టర్నే అడగండి, నా బ్లాగు చూసి నిర్ణయించుకోకండి. పక్క వీధిలో చేపలవాళ్లకు ఐసు అమ్మే కొట్టు ఉంటే అక్కణ్నించి ఇరవై రూపాయల ముక్క తెచ్చి, గట్టి సంచీలో కట్టి ఫ్రిజ్‌లో ఒక పక్కన పెట్టాం, పెన్నుల డబ్బాకి తగలకుండా మధ్యలో తువ్వాలు అడ్డం పెట్టి. కొట్టతను ఆ ముక్కని ఊకలోంచే తవ్వి తీశాడు. అత్తయ్యగారు అది చూసి, "చూశారా, నేను చెప్పింది అబద్ధం కాదు," అన్నారు. కాదు మరి. ఐసుకి వేడి పుట్టదు, కప్పితే చాలు. ఫ్రిజ్‌కి పుడుతుంది. ఆవిడ లెక్క తప్పలేదు, వస్తువు మారింది.

ఇరవై నిమిషాల్లో అంకె పదికి దిగింది. "పదండి," అన్నారు అత్తయ్యగారు. బస్సు మాట మళ్లీ ఎత్తలేదు.

అవనిగడ్డ దాటి కోడూరు రోడ్డెక్కాక అద్దంలో చూస్తే, ఆవిడ కవరు విప్పి ఒళ్లో పరుచుకున్నారు. తల్లోంచి పిన్ను తీసి, ఒక పోగు ఎత్తి, తెంపి, కొస పట్టి లాగుతున్నారు. అడ్డపోగు ఒకటి సర్రున వచ్చేసింది. తర్వాత ఇంకొకటి. తను నేసింది తనే విప్పేస్తున్నారా? వాణి వెనక్కి వెళ్లి కూర్చుని వద్దని బతిమాలింది. ఆవిడ వినలేదు. కళ్లు మసకైనా వేళ్లకి మసక లేదు. కోడూరు చేరేసరికి సంగతి అర్థమైంది. జాలీ ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడ, జానెడు మేర అడ్డపోగులన్నీ తీసేశారు. నిలువు పోగులు మాత్రం వాన ధారల్లా వేలాడుతున్నాయి. కత్తెర పెట్టలేదు, అంచు చెడలేదు. మళ్లీ ఫ్రిజ్ మీద పరిచి, ఆ పోగుల ముందు అరచెయ్యి పెట్టారు. వేడిగాలి పోగుల సందుల్లోంచి చేతికి తగిలింది.

"ఊపిరి ఆడుతోంది," అన్నారు. రెండో వైపు జాలీ మీద గుడ్డని ప్రస్తుతానికి పిన్నీసులతో పైకి కట్టేశారు.

హంసలదీవి చేరేసరికి పదకొండున్నర. గుళ్లో వేణుగోపాలస్వామిని చూసుకుని బయల్దేరాం. అక్కణ్నించి సముద్రం వైపు ఇంకో ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది, మడ చెట్ల మధ్య నుంచి రోడ్డు. సాయంత్రం ఐదు దాటితే లోపలికి వదలడం లేదని గేటు దగ్గర చెప్పారు. ఎండాకాలంలో వెళ్లేవాళ్లు టోపీ, తాగేనీళ్లు పట్టుకెళ్లండి, లోపల కొట్లను నమ్ముకోవద్దు. వ్యాన్ నీడలో ఆపడానికి చోటు వెతికితే దొరికింది. అంకె ఆరు. అత్తయ్యగారు ఫ్రిజ్ మూత తెరిచి, తన పెన్ను తనే తీసుకుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా పొట్టకి ఇంజక్షను వేసుకున్నారు. తర్వాత ముగ్గురం ఆ పులిహోర తిన్నాం. మా ఆవిడ నాకు ఆఖర్న వడ్డించింది, అదీ కాస్తే. నాకు తగిన శాస్తే.

నది సముద్రంలో కలిసే చోటికి అత్తయ్యగారు ఇసుకలో నడుచుకుంటూ వెళ్లారు. అక్కడ అలల చప్పుడు తప్ప పెద్ద ఆర్భాటం ఏమీ ఉండదు. ఒక పక్క నీళ్లు మట్టిరంగు, ఇంకో పక్క ఆకుపచ్చ. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మోకాళ్ల లోతు దిగారు. దోసిట్లో నీళ్లు తీసుకుని చూసి, "ఇక్కడికా వచ్చేది," అన్నారు. ఆ తర్వాత గంటన్నరసేపు వ్యాన్ నీడలో మెట్టు మీద కూర్చుని సముద్రం వైపు చూస్తూ, రెండో వైపు పోగులు కూడా లాగేశారు. తీసిన పోగులన్నీ ఉండ చుట్టి కొంగున కట్టుకున్నారు.

తిరుగు ప్రయాణం రెండున్నరకి. నేను వ్యాన్ స్టార్ట్ చేస్తుంటే అత్తయ్యగారు వచ్చి ముందు సీటు తలుపు తీసి, వాణిని వెనక కూర్చోమని, నా పక్కన ఎక్కి కూర్చున్నారు. నేను నమ్మలేకపోయాను. కోడూరు దాటకముందే, నేను బ్రేకు మరీ గట్టిగా తొక్కుతున్నానన్నారు. అవనిగడ్డలో, టీలో అంత చక్కెర వేసుకుంటే నాలుగేళ్లలో నాకూ ఒక పెన్ను కావాల్సి వస్తుందన్నారు. పామర్రు దగ్గర, వాణిని అలా విసుక్కోవడం తనకు నచ్చలేదన్నారు. వెనక నుంచి మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను అన్నిటికీ "అలాగేనండీ" అంటూ వచ్చాను, లోపల మాత్రం నేల మీద లేను.

ఇరవై ఏళ్లు మేమిద్దరం ఒకరికొకరం మర్యాద కప్పుకుని కూర్చున్నాం. మంచి నూలే, గట్టి నేతే. కానీ ఆ గుడ్డ కింద ఏం వేడెక్కుతోందో ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆ రోజు మోపిదేవిలో నేను ఇంకో పది కిలోమీటర్లు నోరు మూసుకుని ఉంటే, ఆవిడ బస్సెక్కి వెళ్లిపోయేవారు, జన్మలో మళ్లీ రమ్మన్నా వచ్చేవారు కాదు. మంగళగిరిలో దిగేటప్పుడు ఆవిడ పెన్నుల డబ్బా తీసుకోలేదు. మర్చిపోయారనుకుని వాణి పరుగెత్తుకెళ్లి ఇవ్వబోయింది. "ఈ నెలకి సరిపడా ఇంట్లో ఉన్నాయి. అవి వ్యాన్‌లోనే ఉండనీ. ఎప్పుడు బయల్దేరదామో మీరే చెప్పండి," అన్నారట. ఇప్పుడు ఆ ఫ్రిజ్ మా ఇంటి ముందు వ్యాన్‌లో పగలూ రాత్రీ నడుస్తోంది, ఆకుపచ్చ కవరుతో సహా.

మీకు ఒక్క సలహా. వ్యాన్ ఎక్కడ ఆపినా ఫ్రిజ్ అంకె చూడటంతో సరిపెట్టుకోకండి, జాలీ ముందు అరచెయ్యి పెట్టి చూడండి. మోటారు తిరుగుతున్నప్పుడు అక్కడ వేడిగాలి ధారాళంగా తగులుతుంటే లోపల మందు చల్లగా ఉన్నట్టే. తగలకపోతే ఏం అడ్డొచ్చిందో చూసి వెంటనే తీసెయ్యండి, అది మీ అత్తగారు నేసిందైనా సరే. ఆవిడకి చెప్పి మరీ తీయండి.